ఏలియా కడుపులో బొగ్గు

ఆ ఆదివారం ఏలియా పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో కాసిన గుమ్మడికాయను తొమ్మిదింటికల్లా చర్చికి చేర్చడం. బెల్లంపల్లిలో వాళ్ల చర్చికి ఆ రోజు కోత పండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి పాస్టరు ముందు పెడతారు, ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. అరవై ఆరేళ్ల ఏలియాకు పొలమూ లేదు, పంటా లేదు. ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో తట్టా, చెమ్మాసనే పారా పట్టి బొగ్గు టబ్బులు నింపి రిటైరయిన మనిషి. కాని ఈ ఏడు కోడలు ఆరాధన పారేసిన గింజ ఒకటి పెరట్లో మొలిచి, గోడెక్కి, పన్నెండు కిలోల కాయ కాసింది. దాన్ని భుజాన పెట్టుకుని అందరూ చూస్తుండగా చర్చి నడిమధ్య నడవాలని ఆయన పది రోజులుగా ఉబలాటపడుతున్నాడు.

కాయ ఎత్తే ముందు దొడ్డికి వెళ్లాడు. లేచి చూస్తే నల్లగా ఉంది. మామూలు నలుపు కాదు. రోడ్డు వేసేటప్పుడు డ్రమ్ములోంచి కారే తారులాగా నిగనిగలాడుతూ, జిగటగా ఉంది. వాసన కూడా ఎప్పటి వాసన కాదు.

మరొకరైతే భయపడేవాళ్లు. ఏలియా కాసేపు చూసి, నీళ్లు పోసి, బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. గనిలో తిన్న ప్రతి ముద్దతోనూ ఇంత బొగ్గుపొడి కడుపులోకి పోయింది. పోయినది ఎప్పుడో ఒకప్పుడు బయటికి రావాలి కదా. మూడు రోజుల కింద దగ్గు తగ్గడం లేదని పక్కింటి దేవవ్వ గ్లాసెడు కషాయం కాచి ఇచ్చింది. కషాయం తాగాడు, బొగ్గు దిగింది. ఆయన లెక్క సరిపోయింది.

గుమ్మడికాయ ఎత్తుకుని బయల్దేరాడు. చర్చి మూడు వందల అడుగులు కూడా ఉండదు. ఆ కాస్త దారిలో మూడుసార్లు కూర్చున్నాడు. గుండె దడదడలాడింది, కళ్ల ముందు మిణుగురులు ఆడాయి. లోపలి బరువంతా పోయి ఒళ్లు తేలికైతే అలాగే ఉంటుందనుకున్నాడు.

"మామా, మొఖం గట్ల తెల్లగ పాలిపోయిందేంది?" అని ఆరాధన చర్చి మెట్ల దగ్గర అడిగింది.

"సబ్బు మార్చిన బిడ్డా," అన్నాడు ఏలియా.

కోడలితో చెప్పే సంగతి కాదు. కొడుకు ఫిలిప్ ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు, షిఫ్టు దిగొచ్చి నిద్రపోతాడు. చెప్పుకోవడానికి భార్య ఎలీసబెతు ఉండేది. ఆమె పోయి మూడేళ్లయింది. ఇక మిగిలింది బెంచీ.

మూతపడిన పాత గని గేటు ఎదురుగా రేకుల నీడలో ఒక సిమెంటు బెంచీ ఉంది. రోజూ పదకొండు గంటలకు అక్కడ ముగ్గురు కూర్చుంటారు. ఏలియా, అతనితో ఒకే జట్టులో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసిన హనుమండ్లు, వాళ్లకంటే అయిదేళ్లు చిన్నవాడైన అంతయ్య. హనుమండ్లు మాట తక్కువ మనిషి. ఆయనా ఏలియా గనిలో ఒకే టిఫిను డబ్బాలో తిన్నవాళ్లు. అంతయ్య మాత్రం పొద్దున లేస్తే ఫోనులో నాలుగు వార్తలు పంపితే గాని ముఖం కడగడు.

"బొగ్గు దిగుతుంది," అన్నాడు ఏలియా మెల్లగా.

"ఏడ?" అని అంతయ్య లారీ కోసం రోడ్డు వైపు చూశాడు.

"నా కడుపులకెల్లి."

అంతా విన్నాక అంతయ్య లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏండ్ల బొగ్గు. అన్నా, నీ పానం ఎంత అదృష్టం చేసుకున్నది. మాకెందుకు దిగుతలేదు?"

హనుమండ్లు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. చొక్కా ఆయన ఒంటి మీద కొక్కేనికి తగిలించినట్టుంది. "ఏలియా," అన్నాడు కొంచెం ఆగి, "గొంతుల ఇరుకున్నది గూడ దిగుతదా?"

"అన్నీ దిగుతయి," అన్నాడు ఏలియా. ఎందుకలా అడిగావని మాత్రం అడగలేదు. ఆ రోజు బెంచీ మీద ఆయనే గొప్పవాడు. అంత గొప్పలో ఉన్నప్పుడు ఎదుటివాడి చొక్కా కనబడదు.

సాయంత్రానికి అంతయ్య గొంతు ఫోన్లన్నిట్లోకీ వెళ్లింది. "అన్నలారా, తమ్ములారా, మన ఏలియన్న కడుపులకెల్లి బొగ్గుబాయిల మింగిన బొగ్గు బయటికొచ్చింది. దేవవ్వ కషాయం. తాగెటోళ్లు గ్లాసు తెచ్చుకోవాలె." సోమవారం పొద్దున దేవవ్వ తలుపు తీసేసరికి వాకిట్లో పదకొండు మంది, పదకొండు గ్లాసులు. మధ్యాహ్నానికి మందమర్రి నుంచి రెండు ఆటోలు దిగాయి.

"నేను దగ్గుకని ఇచ్చిన, బొగ్గుకు కాదు," అని ఆమె మొత్తుకుంది.

"దగ్గుల గూడ బొగ్గే ఉంటది వదినె, నువ్వు గ్లాసుల పొయ్యి," అన్నారు వాళ్లు.

మంగళవారం వాళ్లంతా తిరిగొచ్చి, ఏమీ నల్లగా లేదని నిష్ఠూరమాడారు. ఒకరిద్దరు, ఏలియాకు మంచి కషాయం ఇచ్చి తమకు నీళ్లిచ్చావని కూడా అన్నారు. ఆ మాట దేవవ్వకు గుచ్చుకుంది. బజారుకెళ్లి సునాముఖి ఆకు తెచ్చి, పెద్ద గిన్నెలో మరిగించి, పైన ఆముదం కలిపింది. "రంగు నా చేతుల లేదు. కడుపు పారుడైతే నా చేతుల ఉన్నది," అని ఒక్కొక్కరికీ గ్లాసు నిండా పోసింది.

బుధవారం తెల్లవారేసరికి నలభై మూడు మంది లేవలేని స్థితిలో ఉన్నారు. 108 బండి మూడుసార్లు తిరిగింది. ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. అరవై దాటిన మగవాళ్లు కడుపులో బొగ్గు కడుక్కోవడానికి ఆముదం తాగామని ఇళ్లల్లో ఆడవాళ్ల ముందు ఎలా చెబుతారు? నల్లా నీళ్లే తాగామన్నారు. దాంతో తప్పు నల్లా మీదికి వచ్చింది. మునిసిపాలిటీ వాళ్లు పైపు చూడ్డానికి రోడ్డు తవ్వారు. పైపు బాగానే ఉంది, గడ్డపార తగిలిందాకా. తగిలాక మూడు వీధులకు నీళ్లు ఆగిపోయాయి. గురువారం పేపర్లో బెల్లంపల్లిలో అతిసారం అని పడింది. మూల మీది మిర్చీబజ్జీల బండిని మూయించారు. చర్చి పక్క హాల్లో వైద్య శిబిరం పెట్టారు.

శిబిరానికి మనుషులు కావాలంటే మొదట చెయ్యెత్తింది ఏలియా. మూడు వీధుల్లో విరేచనాలు లేని ముసలివాడు ఆయనొక్కడేనని అందరూ అనుకున్నారు. ఆశా కార్యకర్త మమతారాణి ఆయన చొక్కాకు వాలంటీరు అని రాసిన అట్టముక్క గుచ్చి, వాకిట్లో నిలబెట్టింది.

"తాతా, మోషన్లయెటోళ్లనే లోపలికి తోలు. ఊకె బీపీ చూపిచ్చుకుంటనని వచ్చెటోళ్లను తోలకు. లోపట మంచాలు లేవు."

ఏలియా ఆ మాటను శిలాశాసనంలా పట్టుకున్నాడు. ఉప్పూచక్కెర నీళ్ల పొట్లాలు పంచాడు, సెలైన్ పెట్టెలు మోశాడు. ప్రతి పెట్టెకూ ఒకసారి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పదకొండింటికి వరసలో హనుమండ్లు కనబడ్డాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ముందున్నవాళ్లు కదిలినప్పుడల్లా ఒక్కో అడుగు వేస్తున్నాడు.

"నీకెన్నిసార్లయింది?" అని అడిగాడు ఏలియా.

"నాకు కాలే."

"కషాయం తాగినవు గద?"

"తాగిన. మింగుడు పడలే. సగం బయటికొచ్చింది."

"మరి లైన్ల ఎందుకున్నవు?"

హనుమండ్లు ముందు వెనక చూశాడు. వెనక వీధి వీధంతా ఉంది. "డాక్టరమ్మకు ఒక మాట చెప్పుదామని," అన్నాడు.

"ఒక మాట చెప్పెటోళ్లకు గాదు ఇది. మోషన్లయెటోళ్లకు. పో, ఇంటికి పోయి పండుకో. రేపు బెంచీ కాడ మాట్లాడుకుందాం."

హనుమండ్లు తలూపి వరస దాటి వెళ్లిపోయాడు. ఎదురు చెప్పే అలవాటు ఆయనకు గనిలో ఉన్నప్పుడూ లేదు.

ఒంటిగంటకు ఏలియా నాలుగో పెట్టె ఎత్తి, రెండడుగులు వేసి, పెట్టెతో సహా మెట్ల మీద కూలబడ్డాడు. డాక్టర్ భవ్యశ్రీ పరుగున వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాని పిల్ల. రెండు రోజులుగా నలభై మూడు మంది అబద్ధాలు విని విసిగి ఉంది.

"మీకూ మోషన్లా తాతా?"

"నాకు గా రోగం లేదమ్మా. నాకు ఆదివారమే బొగ్గు దిగింది." ఆయన సంతోషంగా మొత్తం చెప్పాడు. నలుపు, జిగట, వాసన, దేవవ్వ కషాయం, అంతయ్య ఫోను. కిటికీల అవతల మంచాల మీద ఉన్నవాళ్లు మూలగడం ఆపి గోడవైపు తిరిగారు.

భవ్యశ్రీ రాయడం ఆపింది. "ఇంకా నల్లగనే వస్తుందా?"

"దినాం వస్తుంది. బొగ్గు శానుండె."

"ఐరన్ గోలీలు ఏమన్నా వేసుకుంటున్నరా?"

"లేదు."

"మరి ఏం వేసుకుంటరు?"

ఏలియా జేబులోంచి సగం చిరిగిన గోలీల పట్టీ తీశాడు. "మోకాళ్లకు. పొద్దుగాల ఒకటి, పొద్దూకి ఒకటి. ఎనిమిది నెలల సంది. మెడికల్ షాపుల ఇచ్చిండ్రు."

"తిన్నంకనేనా?"

"తింటే మందు పని చెయ్యదని పరిగడుపున ఏస్కుంటున్న."

ఆమె వేలితో ఆయన కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లకాగితంలా ఉంది.

"తాతా, అది బొగ్గు కాదు. మీ నెత్తురు. నొప్పి గోలీలతోని కడుపులో పుండు పడ్డది. అక్కడ కారిన నెత్తురు పేగుల్ల దిగేసరికి తారులెక్క నల్లగైతది. నల్లగ చూసిన రోజే దవాఖానకు ఉరకాలె. మీరు ఐదు రోజులు ఊకుండి, ఇయ్యాల పెట్టెలు మోస్తున్నరు."

ఏలియా చేతిలోని గోలీల పట్టీని తిప్పి చూశాడు. తర్వాత, "మరి నేను అందరికి చెప్పిన గదమ్మా," అన్నాడు. ఆయనకు మొదట తట్టింది అదే.

దేవవ్వ గిన్నె సంగతి అప్పుడు బయటపడింది. నలభై మూడు మందీ ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. సాయంత్రానికి అందరూ లేచి ఇళ్లకు నడిచిపోయారు. ఆ శిబిరం నుంచి అంబులెన్సు ఎక్కింది వాలంటీరు ఒక్కడే.

మంచిర్యాల సర్కారు దవాఖానలో రెండు సీసాల రక్తం ఎక్కించి, గొట్టం వేసి చూడ్డానికి కరీంనగర్ పంపారు. పుండు కనబడింది, రక్తం కారే చోట ఆపారు, మోకాళ్ల గోలీలను భవ్యశ్రీ ముందే చెత్తబుట్టలో వేయించింది. ఆరాధన మూడు రోజులు కంటతడితోనే మాట్లాడింది. "సబ్బు మార్చిన అని చెప్తివి మామా," అని ఒకసారి అంది. ఏలియా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాలుగోరోజు హనుమండ్లు, భార్య శంకరవ్వ బస్సెక్కి కరీంనగర్ వచ్చారు. దవాఖానలో ఇచ్చిన ఇడ్లీ ఒకటి మిగిలి ఉంటే ఏలియా పాత అలవాటు కొద్దీ సగం తుంచి స్నేహితుడి చేతిలో పెట్టాడు. హనుమండ్లు కాదనలేక నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. మింగబోయి, కళ్లు నీళ్లు తిరిగి, తువ్వాలు అడ్డం పెట్టుకుని బయటికి తీసేశాడు.

ఏలియా లేచి కూర్చున్నాడు. ఆ వారంలో ఆయన నేర్చుకున్నది ఒక్కటే, ఎన్ని రోజుల నుంచి అని అడగడం.

"ఎప్పటి సంది?"

హనుమండ్లు కిటికీలోంచి చూశాడు. చెప్పింది శంకరవ్వ. "ఉగాది సంది అన్నం దిగుతలేదు అన్నా. ముందుగాల రొట్టె మానేసిండు. ఎన్క అన్నం. ఇప్పుడు గంజి. గ్యాసు అన్నరు, సోడ తాగిచ్చిన. దిష్టి అన్నరు, తీపిచ్చిన. ఎములాడ రాజన్నకు మొక్కిన. మనిషి సగమైండు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పుదామనే వచ్చిన," అన్నాడు హనుమండ్లు. "రేపు బెంచీ కాడ అంటివి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. ఏలియా చేతికున్న సెలైన్ గొట్టంతోనే మంచం దిగి, సీసాను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో స్నేహితుడి మణికట్టు పట్టుకుని, డాక్టరు గది ముందున్న వరసను తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. వరసలో వాళ్లు కేకలేశారు. ఏలియా ఎవరికీ జవాబు చెప్పలేదు.

హనుమండ్లుకు అన్నవాహికలో గడ్డ. హైదరాబాదు పంపారు. అక్కడివాళ్లు కడుపుకు గొట్టం పెట్టి పాలు పోయడం నేర్పి, గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి, మందులు ఎక్కించి, చేయగలిగింది చేశారు. ఏలియా డిశ్చార్జయ్యాక భవ్యశ్రీ దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడిగాడు.

"గా గురువారం నేను హనుమండ్లును లోపలికి తోలి ఉంటే బతుకునా అమ్మా?"

ఆమె చేతిలోని కలం కింద పెట్టింది. "ఆ నాలుగైదు రోజులకు ఏం తేడా రాదు తాతా. ఉగాదికి వచ్చి ఉంటే వచ్చేదేమో. మింగుడు పడకపోవుడు, ఊకె బరువు తగ్గుడు... రెండు వారాలు దాటితే చూపిచ్చుకోవాలె. ఎవరూ చెప్పలే ఆయనకు."

ఎవరూ చెప్పలేదు నిజమే, అడిగినవాళ్లూ లేరు. రోజూ పదకొండింటికి పక్కన కూర్చున్నవాడు అడగలేదు.

ఏలియా రోజూ హనుమండ్లు ఇంటికి వెళ్లి, గొట్టంలో పాలు పోసే వేళకు పక్కన కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం హనుమండ్లు, "ఏం కూర వండింది నీ కోడలు?" అని అడిగాడు.

"టమాట, కోడిగుడ్డు."

"ఎట్లుండె?"

ఏలియా చెప్పాడు. ఉల్లిగడ్డ ఎంత వేగిందీ, కారం ఎంత పడిందీ, అడుగున మాడినది ఎంత రుచిగా ఉందీ, అన్నీ చెప్పాడు. హనుమండ్లు కళ్లు మూసుకుని విన్నాడు. మర్నాటి నుంచి ఏలియా తినేటప్పుడు ప్రతి ముద్దనూ గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టాడు, మధ్యాహ్నం చెప్పాలి కాబట్టి. ఆరాధనకు ఏమీ అర్థం కాలేదు. మామ జీవితంలో మొదటిసారి కూర గురించి అడుగుతున్నాడు.

హనుమండ్లు శివరాత్రికి నాలుగు రోజుల ముందు పోయాడు. మోసిన నలుగురిలో ఏలియా ఒకడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. గోలీ వేసుకోలేదు.

ఆ తర్వాత ఏలియా ఒక రకంగా మారిపోయాడు. పొద్దున బెంచీ దగ్గరికి రాగానే కూర్చున్నవాళ్లను వరసగా అడిగేవాడు. "ఇయ్యాల దొడ్డికి ఎట్లచ్చింది? రంగేంది? అన్నం మంచిగ దిగుతుందా? బెల్టుకు కొత్త బొక్క పడ్డదా?" టీ తాగుతున్నవాళ్లు గ్లాసు పక్కన పెట్టేవాళ్లు. చర్చిలో పాస్టరుతో కరచాలనం చేస్తూ అడిగాడు. పెళ్లి భోజనాల్లో పప్పు వడ్డిస్తున్నవాణ్ణి ఆపి అడిగాడు. ఆయనకు దొడ్డి డాక్టరు అని పేరు పడింది. వారం తిరిగేసరికి బెంచీ ఖాళీ. అందరూ అవతలి వీధి హోటలుకు మారిపోయారు. అందరికంటే ముందు మారినవాడు అంతయ్య.

"మనిషికి జరంత సిగ్గుండాలె అన్నా," అని ఆఖరిసారి చెప్పి మరీ వెళ్లాడు. "మొన్న నా అల్లుని ముందల అడిగితివి. గా పిలగాడు మా ఇంట్ల బువ్వ ముట్టలే."

"ఆయనకెట్లచ్చిందట?" అన్నాడు ఏలియా.

అప్పటి నుంచి అంతయ్య రోడ్డు మీద కనబడితే పక్క సందులోకి తిరిగేవాడు. ఏలియా ఒక్కడే రేకుల నీడలో కూర్చునేవాడు. పక్కన ఇద్దరు కూర్చునేంత చోటు ఉండేది. ఆయన బెంచీ మధ్యలోకి ఎప్పుడూ జరగలేదు, ఎప్పటిలాగే ఓ చివరనే కూర్చునేవాడు.

వేసవి మొదట్లో ఒక ఉదయం ఏలియా పళ్లు తోముకుంటుంటే వాకిట్లో చెప్పుల చప్పుడు. అంతయ్య. ముఖం పీక్కుపోయి ఉంది. అటూ ఇటూ చూసి, చొక్కా కింద దాచుకున్న స్టీలు డబ్బా ఒకటి బయటికి తీశాడు. న్యూసు పేపరు చుట్టి, దారంతో మూడు వరసలు కట్టి ఉంది.

"అన్నా," అన్నాడు నేల చూస్తూ. "నాలుగు దినాల సంది. ఇంట్ల చెప్పలే. నల్లగనా, ఎర్రగనా సమజైతలేదు. నువ్వైతే గుర్తుపడ్తవని."

ఏలియా నోట్లో నురగతోనే డబ్బా వైపు చూశాడు. తర్వాత అంతయ్య కళ్లలోకి చూశాడు. నోరు కడుక్కున్నాడు.

"ఇప్పకు. నేను చూసుడు కాదు, డాక్టర్లు చూడాలె," అన్నాడు. "కండ్లు తిరుగుతున్నయా?"

"జర జర."

"నడువు. ఏడున్నర బస్సుంది."

అంతయ్య కదలలేదు. "అన్నా, నాకు గూడ హనుమండ్లు అన్న లెక్కనేనా?"

"తెల్వదు," అన్నాడు ఏలియా, చొక్కా తొడుక్కుంటూ. "నాకు పుండు, ఆయనకు గడ్డ. నీకు మొలలే కావచ్చు. తెల్వదు గనుకనే పోతున్నం."

ఆరాధనను కేకేసి చెప్పాడు. ఈసారి సబ్బు మాట చెప్పలేదు, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ఏమీ అడగకుండా నీళ్ల సీసా తెచ్చి ఇచ్చి, ఫిలిప్‌కు ఫోను చేసింది. ఇద్దరూ మెయిన్ రోడ్డు దాకా నడిచారు. అంతయ్య తూలితే ఏలియా మోచేయి పట్టుకున్నాడు. బస్సులో ఒకే సీటులో కూర్చున్నారు. కిటికీ బయట బొగ్గు లారీలు ఒకదాని వెంట ఒకటి పోతున్నాయి. ఇద్దరూ వాటి వైపు చూడలేదు.

ఆ డబ్బా ఎవరి ఒడిలో ఉండాలన్న సంగతి మాత్రం మంచిర్యాల దాకా తేలలేదు.